బూడిదరంగు గదులు, ప్లైవుడ్ డ్రమ్ములు

2017 మార్చి మొదటి వారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ జరుగుతోంది. సరిగ్గా ఆ వారమే విడుదల కాబోతున్న ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ గురించి చెప్పడానికి నింటెండో బృందం వేదికెక్కింది. కొండలు, అడవులు, వానలు, పిడుగులతో కనుచూపు మేర పరుచుకున్న త్రీడీ లోకం ఆ ఆట. దర్శకుడు హిదెమరో ఫుజిబయాషి, ఆయన సహచరులు ఆ రోజు తెర మీద మరో ఆటను కూడా చూపించారు. అది 1986 నాటి మొదటి జెల్డాలా, పైనుంచి చూసే చిన్న చిన్న గళ్లబొమ్మల టూడీ ఆట. అందులో హీరో చెట్టును నరికితే దుంగలు పడతాయి, దుంగలు నీళ్లలో తేలతాయి. నిప్పు తగిలితే చెట్టు అంటుకుంటుంది.

అది అమ్మకానికి తయారుచేసిన ఆట కాదు. నిప్పు, నీరు, గాలి, చెక్క ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేలా నియమాలు పెడితే, ఎవరూ నేర్పకుండానే ఆటగాడు కొత్త ఉపాయాలు కనిపెడతాడా? ఈ ఒక్క సందేహం తీర్చుకోవడానికి దాన్ని కట్టారు. కొండల అందం, గడ్డి కదలిక, ఎండ నీడలు ఈ ప్రశ్నకు అక్కర్లేదు. అందుకే అవేవీ అందులో లేవు.

ముతక నమూనా సత్తువంతా ఈ వదిలేయడంలోనే ఉంది. ఏది తెలుసుకోవాలో అది మాత్రమే ఉంచి మిగతాదంతా పక్కన పెడితే జవాబు గంటల్లో వస్తుంది. అన్నీ చేర్చి కడితే నెలలు పడుతుంది, పైగా తప్పు ఎక్కడుందో తేలదు. ఇల్లు కట్టేముందు మేస్త్రి నేల మీద ముగ్గు పోసినప్పుడు ఇంటివాళ్లు ఆ గీతల మధ్య నడిచి చూస్తారు. వంటగది ఇరుకనిపిస్తే ముగ్గు చెరిపి మళ్లీ పోయిస్తారు. ఆటలో లెవళ్లు, అంటే ఆటగాడు తిరిగే చోట్లు, కట్టేవాళ్లూ, ఇంట్లో ఎలక్ట్రానిక్ డ్రమ్ములు కట్టుకునేవాళ్లూ పాటించే పద్ధతి అదే. మొదటివాళ్ల నమూనాను కన్ను, బొటనవేలు పరీక్షిస్తాయి. రెండోవాళ్ల నమూనాను మణికట్టు, చెవి పరీక్షిస్తాయి.

గళ్ల కాగితం నుంచి

1985లో వచ్చిన నింటెండో ఆట ‘సూపర్ మారియో బ్రదర్స్’ లెవళ్లు కాగితం మీద పుట్టాయి. షిగెరు మియమొతో, తకాషి తెజుకా పొడవాటి గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో ఇటుకలు, గొట్టాలు, గోతులు గీసేవారు. ప్రోగ్రామర్లు ఆ బొమ్మను చూసి అంకెలుగా మార్చి యంత్రంలోకి ఎక్కించేవారు. కాగితం మీద దిద్దడం తేలికే. అయితే గెంతు సరిగ్గా ఉందో లేదో కాగితం చెప్పలేదు. ఆ అంకెలన్నీ ఎక్కి, ఆట నడిచి, చేతిలో బటన్ నొక్కితేనే తెలుస్తుంది. మార్పుకూ పరీక్షకూ మధ్య ఉన్న ఆ ఎడాన్ని తగ్గించడమే లెవళ్లు కట్టే పనిముట్ల, అంటే లెవల్ ఎడిటర్ల, చరిత్ర అంతా.

అదే నింటెండో 1996లో ‘సూపర్ మారియో 64’తో త్రీడీలోకి అడుగుపెట్టినప్పుడు లెవళ్ల జోలికి ముందుగా పోలేదు. మారియో ఒక కుందేలును తరుముతూ పరుగెత్తే చిన్న చోటు ఒకటి కట్టుకుని, పరుగు, మలుపు, గెంతు, కెమెరా చేతికి హాయిగా అందేదాకా అక్కడే మెరుగులు దిద్దారు. కదలిక కుదిరాకే కోటలు, మంచుకొండలు వచ్చాయి. ఆ కుందేలు చివరి ఆటలోనూ ఉండిపోయింది.

1993 డిసెంబర్‌లో వచ్చిన ‘డూమ్’ కోసం, ఆ ఆట తయారీదారుల్లో ఒకడైన జాన్ రొమేరో నెక్స్ట్ కంప్యూటర్ల మీద ‘డూమ్‌ఎడ్’ అనే ఎడిటర్ రాశాడు. పైనుంచి చూసే పటంలో గీతలు గీసి, ఒక్కో గదికి నేల ఎత్తు, కప్పు ఎత్తు అంకెల్లో చెబితే చాలు, గది సిద్ధం. డూమ్‌లో ఆటగాడి ఎత్తు 56 యూనిట్లు. అతను గెంతలేడు. 24 యూనిట్ల మెట్టు ఎక్కగలడు, 25 యూనిట్ల మెట్టు ఎక్కలేడు. ఆ ఒక్క యూనిట్ తేడాతో మెట్టు గోడ అవుతుంది. లెవల్ కట్టేవాడికి ఈ అంకెలు కంఠతా ఉండాల్సిందే. కిటికీ అవతలి నిధి కనబడాలి గానీ అందకూడదనుకుంటే గట్టు ఎత్తు 24 దాటించాలి. శత్రువు నుంచి పారిపోయి దూకేసినవాడు వెనక్కి రాకూడదనుకున్నా అదే కిటుకు.

డూమ్ తన లెవళ్లను విడి ఫైళ్లలో ఉంచడం వల్ల ఇంకో మేలు జరిగింది. 1994 నుంచే అభిమానులు సొంత ఎడిటర్లు రాసుకుని, సొంత లెవళ్లు కట్టడం మొదలుపెట్టారు. తర్వాతి కాలపు లెవల్ డిజైనర్లలో చాలామంది ఈ బడిలోనే పని నేర్చుకున్నారు.

1996లో ‘క్వేక్’ నిజమైన త్రీడీ గదులు తెచ్చింది, దాంతోపాటు నిరీక్షణ కూడా తెచ్చింది. ఎడిటర్‌లో దిమ్మెలు పేర్చి గది కట్టాక దాన్ని మూడు ప్రోగ్రాముల గుండా పంపాలి. మొదటిది ఆకారాన్ని ముక్కలుగా చీలుస్తుంది. రెండోది ఎక్కణ్ణుంచి చూస్తే ఏయే ముక్కలు కనబడతాయో ముందే లెక్కగట్టి పెడుతుంది. మూడోది వెలుగునీడలు పరుస్తుంది. పెద్ద లెవల్‌కి రెండో లెక్క ఒక్కటే ఆనాటి యంత్రాల మీద గంటల తరబడి నడిచేది. గోడల మధ్య సన్నని సందు ఉండిపోయి లోపలి గది బయటి శూన్యంలోకి తెరుచుకుంటే ‘లీక్’ అంటూ పని ఆగేది. అప్పుడు ఎడిటర్ గది లోపలి నుంచి ఆ సందు గుండా బయటికి ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీత వెంట వెళ్లి కన్నం పూడ్చాలి. అందుకే ఈ పనిముట్లలో తొందర లెక్క, పూర్తి లెక్క అని రెండు రకాలు పెట్టారు. పరీక్షించే రోజుల్లో తొందర లెక్క సరిపోతుంది, విడుదలకు ముందు పూర్తి లెక్క నడిపిస్తారు. 

గది కొలతలు

ఇప్పటి స్టూడియోల్లో ఈ దశను గ్రేబాక్స్ అనో, బ్లాక్‌అవుట్ అనో అంటారు. గోడలు, మెట్లు, గుట్టలు అన్నీ బూడిదరంగు దిమ్మెలే. వాటి మీద గళ్లు మాత్రం ఉంటాయి. గడికి ఇంత కొలత అని ఉండటంతో, దేని పక్కన నిలబడ్డా అది ఎంత ఎత్తుందో చూపుకే తెలిసిపోతుంది. ‘హాఫ్-లైఫ్’, ‘పోర్టల్’ ఆటల వాల్వ్ కంపెనీ ఎడిటర్ పేరు హ్యామర్. దాంట్లో ఈ గళ్లకు నారింజ, బూడిద రంగులు వాడతారు. వాల్వ్ ఆటలకు లెవళ్లు కట్టేవాళ్లు ఆ నారింజరంగు గోడను ఎక్కడ చూసినా గుర్తుపడతారు.

పని ఇలా సాగుతుంది. ముందుగా ఆటగాడి శరీరం కొలతలు ఖాయం చేస్తారు: ఎత్తెంత, వెడల్పెంత, నిలబడి ఎంత ఎత్తు గెంతగలడు, పరుగెత్తి ఎంత దూరం దూకగలడు. పరుగెత్తి దూకే దూరం నాలుగు మీటర్లు అనుకుందాం. అప్పుడు మూడు మీటర్ల గోతిని కొత్తవాడు కూడా దాటేస్తాడు. మూడున్నర దాటాక గుండె కాస్త దడదడలాడుతుంది. నాలుగున్నర పెడితే అది గొయ్యి కాదు, ‘ఇటు దారి లేదు’ అనే సూచన. ఈ మూడు రకాల దూరాలనూ లెవల్ అంతటా ఒకేలా వాడితే ఆటగాడు గోతిని చూడగానే తేల్చుకోగలడు. ఒకచోట దాటగలిగిన దూరం మరోచోట దాటలేకపోతే అతనికి కళ్ల మీద నమ్మకం పోతుంది.

తలుపులది ఇంకో లెక్క. ఇంట్లో ఉండే తలుపు కొలతల్నే ఆటలో పెడితే ఇరుగ్గా తోస్తుంది. మనిషి వెనక తేలుతూ వచ్చే కెమెరాకు కూడా చోటు కావాలి, అది గోడల్లో ఇరుక్కుంటే ఆట గందరగోళమవుతుంది. అందుకే ఆటల్లోని గదులు, నడవాలు, తలుపులు నిజమైన ఇళ్లకంటే పెద్దవి. ఎంత పెద్దగా ఉండాలో సూత్రం చెప్పదు. దిమ్మె జరిపి, నడిచి, మళ్లీ జరిపి తేల్చుకోవాల్సిందే.

1997 చివర్లో విడుదల కావాల్సిన ‘హాఫ్-లైఫ్’ను వాల్వ్ ఆపేసింది. ఆట సరదాగా లేదని వాళ్లకే అనిపించింది. అప్పటిదాకా కాస్తోకూస్తో పనిచేస్తున్న ప్రతి మంచి ఆలోచననూ ఒక చిన్న బృందం ఒకే నమూనా లెవల్‌లోకి తెచ్చింది. ఆ ఒక్క లెవల్ ఆడి చూశాక, ఆట మొత్తం దాని లెక్కన తిరగరాశారు. బయటివాళ్లను పిలిచి ఆడించేటప్పుడు లెవల్ కట్టినవాళ్లు వెనక కూర్చుని చూడాలి, నోరు మాత్రం మెదపకూడదు. ఆటగాడు తలుపు కనబడక గోడ చుట్టూ తిరుగుతుంటే అది అతని తప్పు కాదు, గదిదే తప్పు. 1998 నవంబర్‌లో వచ్చిన ఆ ఆట తుపాకీ ఆటల తీరునే మార్చింది.

కొన్ని నమూనాలు నేరుగా పెద్ద ఆటలకు దారి తీశాయి. ఆటల తయారీ నేర్పే డిజిపెన్ కళాశాల విద్యార్థులు 2005లో చేసిన ‘నార్బాక్యులర్ డ్రాప్’లో గోడకు రెండు ద్వారాలు తెరిచి ఒకదాంట్లో దూరితే ఇంకోదాంట్లోంచి బయటికి రావచ్చు. వాల్వ్ ఆ విద్యార్థులను ఉద్యోగంలోకి తీసుకుంది, 2007లో ‘పోర్టల్’ వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ 2015లో ‘పికో-8’ అనే బుల్లి వేదిక మీద నాలుగు రోజుల్లో చేసిన కొండ ఎక్కే ఆటే 2018 నాటి ‘సెలెస్ట్’కు మూలం. పికో-8లో తెర 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు. రంగులు పదహారే. బొమ్మలకు మెరుగులు దిద్దే అవకాశమే లేదు కాబట్టి వాళ్ల శ్రద్ధంతా గెంతు మీదికే పోయింది.

పనిముట్లు ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. టూడీ లెవళ్లకు ‘టైల్డ్’, ‘ఎల్‌డీటీకే’ ఉచితం. రెండోదాన్ని రాసిన సెబాస్టియన్ బెనార్ ‘డెడ్ సెల్స్’ ఆట దర్శకుల్లో ఒకడు. ఆటలు కట్టే ఇంజన్ యూనిటీ కంపెనీ 2018లో ‘ప్రోబిల్డర్’ను కొని తన ఎడిటర్‌లో కలిపేసింది. దాంతో గోడ ముఖాన్ని పట్టి లాగితే అక్కడికక్కడే నడవా అవుతుంది. గొడో ఇంజన్‌లో దిమ్మెను దిమ్మెలోంచి తీసేసి కిటికీ తెరిచే సౌకర్యం ఉంది, దాన్ని నమూనాల కోసమే ఇచ్చామని ఆ ఇంజన్ పత్రాలే చెబుతాయి. క్వేక్ తరహా దిమ్మెల పనిని ఇష్టపడేవాళ్లకు ‘ట్రెంచ్‌బ్రూమ్’ ఉంది. ఒకప్పుడు గంటలు పట్టిన పరీక్ష ఇప్పుడు ఒక బటన్ నొక్కు దూరంలో ఉంది.

2017 అక్టోబర్‌లో నాటీ డాగ్ స్టూడియో డిజైనర్ మైకేల్ బార్‌క్లే ‘బ్లాక్‌టోబర్’ అనే పిలుపునిచ్చాడు. లెవల్ డిజైనర్లు తమ బూడిదరంగు గదుల బొమ్మలు బయటపెట్టాలన్నది ఆ పిలుపు. విడుదలైన ఆటలో చిత్రకారుల పనితనం కింద కనబడకుండా పోయే ఎముకల గూడును జనం అప్పుడు చూశారు. ఏటా అక్టోబర్‌లో అది కొనసాగుతోంది.

ఆట నుంచి డ్రమ్ముల దాకా

2007 నవంబర్‌లో హార్మోనిక్స్ స్టూడియో ‘రాక్ బ్యాండ్’ ఆటను విడుదల చేసింది. పెట్టెలో ఒక గిటార్ బొమ్మ, ఒక మైకు, నాలుగు ప్యాడ్లూ ఒక పెడలూ ఉన్న డ్రమ్ సెట్టు వచ్చేవి. తెర మీద జారుకుంటూ వచ్చే రంగుగుర్తులకు సరిగ్గా ప్యాడ్ కొట్టాలి. కొందరు ఔత్సాహికులు ఆ ప్యాడ్లు విప్పి చూశారు. రబ్బరు కింద నాణెమంత ఇత్తడి బిళ్ల, దానికి రెండు తీగలు. సంగీత దుకాణంలో వేలకు వేలు పోసి కొనే ఎలక్ట్రానిక్ డ్రమ్ములోనూ ఉండేది అదే బిళ్ల. ఆ డ్రమ్ములను కంప్యూటర్‌కు తగిలించి పాటలు వాయించినవాళ్లు ఉన్నారు, అవే బిళ్లలతో మొదటినుంచీ సొంత సెట్టు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ బిళ్ల వెనక ఉన్న విజ్ఞానం పాతదే. 1880లో జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ సోదరులు క్వార్ట్జ్, టూర్మలీన్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని చూపించారు. పియజోవిద్యుత్తు అంటే అదే. ఇప్పటి బిళ్లల్లో ఇత్తడి రేకు మీద సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణీ పొర అంటించి ఉంటుంది. అలారం గడియారంలో బీప్‌మని అరిచేదీ ఇదే జాతి బిళ్ల. కరెంటు ఇస్తే వంగి శబ్దం చేస్తుంది. దెబ్బ తగిలి వంగితే కరెంటు ఇస్తుంది. ధర కొద్ది రూపాయలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి.

ఎలక్ట్రానిక్ డ్రమ్ముల తొలి చరిత్రలోనూ శరీరమే తీర్పరి. ఇంగ్లండ్‌లో డేవ్ సిమన్స్ కంపెనీ 1981లో తెచ్చిన ఎస్‌డీఎస్-5 సెట్టు ఆ దశాబ్దపు పాప్ సంగీతానికి గుర్తయింది. దాని షట్కోణపు ప్యాడ్ల పైభాగం గట్టి పాలీకార్బనేట్. శబ్దం అదిరింది గానీ గంటల తరబడి వాయించిన డ్రమ్మర్లకు మణికట్లు నొప్పెట్టాయి. తోలు పుల్లను తిరిగి పైకి విసురుతుంది, గట్టి పలక ఆ దెబ్బనంతా చేతిలోకే తిప్పి కొడుతుంది. తర్వాతి నమూనాలకు రబ్బరు తొడుగు వచ్చింది. 1997లో రోలాండ్ కంపెనీ, డ్రమ్ తోళ్లు చేసే రెమో కంపెనీతో కలిసి జాలీ గుడ్డ తొడిగిన వీ-డ్రమ్స్ తెచ్చింది. బిగువు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పుల్ల ఎగురుతుంది, పక్కింటివాళ్లకు నిద్ర చెడదు.

ఇంట్లో కట్టేవాళ్లు ఈ రెండు దారులూ చిన్నగా అనుకరిస్తారు. ప్లైవుడ్ ముక్క మీద నురుగు షీటు, దాని కింద బిళ్ల, పైన రబ్బరు మ్యాటు వేస్తే మొదటి ప్యాడ్ ఒక సాయంత్రంలో తయారు. పాత డ్రమ్ చట్రం దొరికితే కిటికీలకు కొట్టే దోమజాలీ రెండు మూడు పొరలు బిగించి, జాలీ మధ్యన తాకేలా నురుగు శంకువును నిలబెట్టి, దాని అడుగున బిళ్ల పెడతారు.

ఒక దెబ్బ లోపల

పుల్ల ప్యాడ్‌ను తాకిన క్షణం నుంచి శబ్దం వచ్చేదాకా ఏం జరుగుతుందో మిల్లీసెకన్ల లెక్కన చూడాలి. బిళ్ల ఒంటరిగా ఉంటే గట్టి దెబ్బకు పదుల వోల్టులు పుట్టిస్తుంది. ఆ వోల్టేజిని చదివే ఆర్డుయినో ఊనో లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు తట్టుకోగలిగింది ఐదు వోల్టులే. అందుకే బిళ్లకు అడ్డంగా పది లక్షల ఓమ్‌ల నిరోధకం పెడతారు. అది పుట్టిన ఆవేశాన్ని మెల్లగా ఖాళీ చేస్తుంది. ఐదు వోల్టులు దాటిన పోటును పక్కకు మళ్లించడానికి ఒక జీనర్ డయోడు తోడవుతుంది. బోర్డు ఆ వోల్టేజిని 0 నుంచి 1023 దాకా ఉండే అంకెగా చదువుతుంది. ఒక్కో చదువుకు మిల్లీసెకన్‌లో దాదాపు పదో వంతు పడుతుంది.

ఆ అంకెలను తెర మీద గీతగా గీయించి చూస్తే దెబ్బ ఆకారం బయటపడుతుంది. మొదట ఒకటి రెండు మిల్లీసెకన్లలో గీత నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత పదుల మిల్లీసెకన్ల పాటు పైకీ కిందికీ ఊగుతూ చల్లారుతుంది. ప్రోగ్రాముకు ఈ ఊగులాట పెద్ద తలనొప్పి. ప్రతి ఊపునూ కొత్త దెబ్బగా లెక్కిస్తే ఒక్కసారి కొడితే నాలుగుసార్లు మోగుతుంది.

అందుకని నాలుగు నియమాలు పెడతారు. అంకె ఒక కనీస స్థాయి దాటితేనే అది దెబ్బ, లేకపోతే నేల అదురు. దాటాక రెండు మిల్లీసెకన్లపాటు శిఖరం ఎంత ఎత్తుకు పోయిందో చూడాలి. ఆ శిఖరాన్ని 1 నుంచి 127 లోపు బలంగా మార్చి పంపాలి. ఆపై కొంతసేపు చెవులు మూసుకోవాలి. ఆ కొంతసేపు ఎంత అన్నదే అసలు చిక్కు. వంద మిల్లీసెకన్లు మూసుకుంటే ఊగులాట బెడద పూర్తిగా పోతుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో, ఒక్కో దెబ్బను నాలుగుగా చీలిస్తే, చీలికకూ చీలికకూ మధ్య 125 మిల్లీసెకన్లు. అక్కడికి ఇబ్బంది లేదు. చెయ్యి తిరిగిన డ్రమ్మర్ రోల్ వాయిస్తే సెకనుకు పదిహేను ఇరవై దెబ్బలు, అంటే యాభై అరవై మిల్లీసెకన్లకు ఒకటి. వాటిలో సగం మాయమవుతాయి. ఇరవై ముప్పయికి తగ్గిస్తే రోల్ బతుకుతుంది, రెట్టింపు మోతలు మళ్లీ తొంగిచూస్తాయి. అప్పుడు నురుగు మందం పెంచి ఊగులాటనే తగ్గించాలి. ప్రోగ్రాము తప్పును చెక్కపనితో దిద్దడం, చెక్కపని తప్పును ప్రోగ్రాముతో దిద్దడం ఈ పనిలో రోజూ ఉండేదే.

రెండు ప్యాడ్లను ఒకే స్టాండుకు తగిలిస్తే ఇంకో సమస్య. ఒకదాన్ని కొడితే అదురు ఇనుప గొట్టం గుండా ప్రయాణించి రెండోదాన్నీ మోగిస్తుంది. మధ్యలో రబ్బరు వాషర్లు వేయడం ఒక మందు. కొద్ది మిల్లీసెకన్ల తేడాలో రెండు దెబ్బలు వస్తే, చిన్నదాన్ని వదిలేయమని ప్రోగ్రాముకు చెప్పడం రెండో మందు. అయితే డ్రమ్మర్ నిజంగానే ఒక చేత్తో గట్టిగా, ఇంకో చేత్తో మెల్లగా ఒకేసారి కొట్టవచ్చు. ఆ మెల్లని దెబ్బ పోకుండా హద్దు ఎక్కడ గీయాలో వాయించి చూస్తేనే తెలుస్తుంది.

దెబ్బ సమాచారం ‘మిడి’ అనే భాషలో బయటికి వెళుతుంది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్య ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ కీబోర్డునూ, పోటీదారు రోలాండ్ కీబోర్డునూ ఒక్క తీగతో కలిపి చూపించారు. ఆ రెండు కంపెనీల స్థాపకులు డేవ్ స్మిత్, ఇకుతరో కకెహాషి కలిసి నడిపిన ఆ ప్రయత్నానికి 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోతాయి. ఒక దెబ్బ సందేశానికి ముప్పయి బిట్లు కావాలి, అంటే దాదాపు ఒక మిల్లీసెకను. 36 అంటే బేస్ డ్రమ్, 38 అంటే స్నేర్, 42 అంటే మూసిన హై-హ్యాట్. నలభై ఏళ్లు దాటినా ఆ భాష ఇంకా చెల్లుతోంది కాబట్టే, ఇంట్లో కట్టిన ప్లైవుడ్ ప్యాడ్ ‘హైడ్రోజన్’ లాంటి ఉచిత డ్రమ్ సాఫ్ట్‌వేర్‌తో ఈ రోజూ నేరుగా మాట్లాడగలుగుతోంది.

చివరి ఆలస్యం కంప్యూటర్‌లో పుడుతుంది. శబ్దాన్ని అది చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. మూటకు 1024 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, పెడితే, సెకనుకు 44,100 లెక్కన, 23 మిల్లీసెకన్లు. చేతికీ చెవికీ పొత్తు కుదరడం లేదని డ్రమ్మర్‌కు వెంటనే తెలిసిపోతుంది. 256కు తగ్గిస్తే ఆరు మిల్లీసెకన్ల లోపే. అన్నీ కలిపి మొత్తం పది మిల్లీసెకన్లలో ఉంటే చాలామంది హాయిగా వాయించగలరు. గాలిలో శబ్దం పది మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్ల దాకా పోతుంది. వేదిక మీద తోటి వాద్యకారుడు నిలబడే దూరం కూడా దాదాపు అంతే.

ఈ లెక్కలన్నీ ఎవరికివారు మొదటినుంచీ రాసుకోనక్కర్లేదు. ఆర్డుయినో కోసం ‘హలోడ్రమ్’, ఈఎస్‌పీ32, టీన్సీ బోర్డుల కోసం ‘ఈడ్రమ్యులస్’ లాంటివి ఉచితంగా, తెరిచి చదువుకునేలా ఉన్నాయి. తీసుకుని తమ చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

డప్పు అడిగే ప్రశ్నలు

తెలుగునాట పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ఎలక్ట్రానిక్ ప్యాడ్లు కొత్తేమీ కాదు. రోలాండ్ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్, ఆ తర్వాత వచ్చిన రిథమ్ ప్యాడ్లు ఇక్కడి వేదికల మీద తబలా, ఢోలక్, డప్పు మోతల్ని కూడా పలికిస్తున్నాయి. మోత డప్పుదే, వాయింపు మాత్రం డప్పుది కాదు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల పట్టి డప్పు వాయించేవాడు, తోలు మీద ఎక్కడ తాకాలి, పుల్ల ఆనించి ఉంచాలా లేపాలా అన్నదానితోనే పలుకు మారుస్తాడు. 127 మెట్ల బలం ఒక్కటే తెలిసిన ప్యాడ్‌కు ఇవేవీ అందవు. మృదంగమైతే మరీ. దాని తోలు మధ్యన ఉండే నల్లటి కరణి బరువు వల్ల తోలు కంపనాలు తీగవాద్యంలోలా శ్రుతిబద్ధంగా అమరతాయని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మధ్యన కొట్టిన దెబ్బ, అంచున కొట్టిన దెబ్బ ఆ కంపనాలను వేర్వేరు పాళ్లలో లేపుతాయి. ఆ తేడా తెలియని పరికరం వాద్యకారుడి విద్యలో పెద్దభాగాన్ని వినకుండా వదిలేస్తుంది.

ఇక్కడ చెయ్యవలసిన పని చాలా ఉంది, అందుకు కావలసిన సామగ్రి చవకే. ప్యాడ్ అంచున మూడు బిళ్లలు పెడితే దెబ్బ ఏ బిళ్లకు ముందు చేరిందో చూసి, అది ఎక్కడ పడిందో లెక్కగట్టవచ్చు. చిటికెన పుల్ల ఆనిన ఒత్తిడిని పట్టాలంటే పియజో చాలదు. అది మార్పుకే స్పందిస్తుంది, నిలకడగా నొక్కి ఉంచితే మౌనంగా ఉండిపోతుంది. అక్కడ ఒత్తిడిని బట్టి నిరోధం మారే పలుచటి సెన్సర్ కావాలి. ఆకారం పదిసార్లు మార్చి చూడాలనుకునేవాళ్లకు హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ లాంటి నమూనా కేంద్రం ఉంది. లేజర్ కత్తిరింపు, త్రీడీ ముద్రణ, చెక్కపని, ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి.

అయితే మూడు బిళ్లలూ, ఒత్తిడి సెన్సరూ, గుండ్రటి అందమైన చట్రమూ ఒకేసారి మొదలుపెడితే ఏది ఎందుకు పనిచేయలేదో తెలియదు. మొదటి ప్యాడ్‌కు ఒక జాలీ, ఒక బిళ్ల చాలు. సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ గీసిన గీతల్లో తేడా కనబడుతోందా అన్నది దాని ప్రశ్న. రెండో ప్యాడ్‌లో బిళ్లలు మూడు, ప్రశ్న చోటు గురించి. వాటిని పరీక్షించాల్సింది కట్టినవాళ్లు కాదు, చిన్ననాటి నుంచి డప్పు పట్టినవాళ్లు. వాళ్లు వాయిస్తున్నంతసేపూ కట్టినవాళ్లు వెనక కూర్చుని, ఏ దెబ్బ పలకలేదో, ఎక్కడ చెయ్యి ఆగిందో రాసుకోవాలి.